బుడగ ఆగేదాకా

మన ఐటీఐలో నేను డీజిల్ మెకానిక్ చేసింది 1995–96లో. ఏడాది ట్రేడు. నా పదో తరగతి మార్కులు చూసి మా నాన్న "పోన్లే, స్పానరన్నా పట్టుకుంటాడు" అన్నారు. చేరిన వారానికే స్పానర్లు చేతికొచ్చాయి. ఒకటి పోయినా కాషన్ డిపాజిట్లో కోతే.

థియరీ క్లాసు గురించి రాయను, అందరం నిద్రపోయేవాళ్లం. షెడ్డులో సంగతి వేరు. మాస్టారు ఇంజను కావాలనే డీజిల్ లేకుండా ఆపేసి, తర్వాత ట్యాంకు నింపి, "తియ్యండ్రా" అనేవారు. సెల్ఫ్ గిరగిరా తిరిగేది, ఇంజను మాత్రం అందుకునేది కాదు. లైన్లోకి గాలి చొరబడిందన్నమాట. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు దగ్గరున్న చేతిపంపు కొట్టాలి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి డీజిల్ ధార. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. తొందరపడి ముందే బిగించామా, మాస్టారు ఏమీ అనరు, మళ్లీ మొదటినుంచీ కొట్టిస్తారు. నా చేత ఒకరోజు ఐదుసార్లు కొట్టించారు. అప్పుడు తిట్టుకున్నాను లెండి.

మార్కులున్నవాళ్లు ఆర్టీసీ డిపోకి అప్రెంటిస్‌లుగా వెళ్లిపోయారు. లారీ ఎక్కుదామంటే నాకప్పటికి 17. 20 నిండితేగానీ ట్రాన్స్‌పోర్టు బండికి లైసెన్సు ఇవ్వరు. అందాకా క్లీనరు పనే దిక్కయింది. ఓ రాత్రి అంబాజీపేటలో కొబ్బరికాయల లోడెక్కించుకుని వస్తుంటే సరిగ్గా సిద్ధాంతం వంతెన మీద బండి ఆగిపోయింది. డీజిల్ ముల్లు పాడై ఆర్నెల్లయింది, అంతా అంచనా మీదే నడక. వెనక బళ్లు హారన్లు. కేన్‌లో ఉన్న డీజిల్ పోసినా లాభం లేదు. "ఏరా ఐటీఐ, చదివింది చూపించు" అన్నాడు డ్రైవరన్న. టార్చి ఆయన పట్టుకున్నాడు. నురగ వస్తుండగానే "చాలు, బిగించెయ్" అని అరిచాడు. నేను వినలేదు. కింద వశిష్ట గోదావరి చీకట్లో పారుతోంది, నా మోచేతి మీదుగా డీజిల్ కారుతోంది. బుడగలు ఆగాక బిగించాను. రెండో సెల్ఫ్‌కే అందుకుంది. తణుకు దాటాక టీ ఇప్పించాడు, నోటితో మాత్రం ఏమీ అనలేదు.

తర్వాత చాలాకాలం లారీ తోలి, ఇప్పుడు కాకినాడలో బియ్యం గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. యాంకరేజి పోర్టు కదండీ, ఓడలు దూరంగా సముద్రంలోనే నిలబడతాయి, బస్తాలు బార్జిల మీద వెళ్తాయి. మీట సూత్రం చెప్పడానికి మాస్టారు బోర్డు మీద గీసిన, బావిలో నీళ్లు తోడే ఏతాం బొమ్మ ఇక్కడ పనికొచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ అచ్చం ఏతామే. ముందు చక్రాలు ఇరుసు, వెనక బరువు దిమ్మ. బండికి బిగించిన పలక మీద 3 టన్నులు, 500 మిల్లీమీటర్లు అని ఉంటే, సరుకు బరువు మధ్యభాగం ఫోర్కు మడమకి, అంటే ఫోర్కు పైకి వంగే మూలకి, 500 లోపే ఉండాలి. అది ముందుకి జరిగితే 3 టన్నుల లెక్క చెల్లదు, వెనక చక్రాలు నేల వదిలేయొచ్చు. స్టీరింగ్ తిప్పితే పక్కకి తిరిగేవి కూడా ఆ వెనక చక్రాలే, లారీ అలవాటుతో మొదటివారం రెండు బస్తాల వరసలు పడగొట్టాను.

ఈ సంచిక మన బ్యాచ్ వాళ్లందరికీ చేరుతుందంటున్నారు. నా 10-11 స్పానరు ఎవరి దగ్గరుందో వాళ్లు దయచేసి తిరిగివ్వండి. పిడి మీద పసుపు రంగు చుక్క ఉంటుంది. కోత పడిన డిపాజిట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.