సంచితో నమాజు

2023 డిసెంబరు మొదటివారం. మిచౌంగ్ తుపానుకు చెన్నై వేళచ్చేరిలో మా ఇంటి కింది అంతస్తు, సందు చివర నా ప్లాస్టిక్ సామాన్ల కొట్టు రెండూ మునిగాయి. నీళ్లు తీశాక సంపు కడిగించాం. అందులో మురుగు ఎంత కలిసిందో దేవుడికే తెలియాలి. రెండు వారాలకు జ్వరం పట్టుకుంది. కొట్టు బాగుచేసుకునే హడావిడిలో జ్వరం బిళ్లలు మింగుతూ తిరిగాను. జనవరిలో ఒక రాత్రి కడుపులో భరించలేని పోటు, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకు చిల్లు పడిందన్నారు. ఆ రాత్రే ఆపరేషన్.

మెలకువ వచ్చి చూసుకుంటే బొడ్డుకు కుడిపక్కన ఒక సంచి. దాని లోపల ఎర్రటి మొగ్గలాంటిది. అది నా పేగే. "మూడు నెలలు ఇలా ఉండనివ్వండి, తర్వాత మళ్లీ లోపల కలిపేస్తాం" అన్నాడు డాక్టరు. ఆయన అంత తేలిగ్గా చెప్పిన మూడు నెలలు నాకెలా గడిచాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. నమాజు విషయంలో మాత్రం మా అమ్మ చిన్నప్పటినుంచి గట్టిగా ఉండేది. బట్టమీద ఒక్క చుక్క పడినా "పాక్ లేదురా, మార్చుకో" అనేది. అలా పెరిగినవాడి పొట్టమీద రాత్రీపగలూ మలం కారుతుంటే ఇక నమాజేంటి అనుకున్నాను. తొమ్మిది రోజులు చదవలేదు. పదోరోజు ఊళ్లో మా మతగురువు హజ్రత్‌కి ఫోన్ చేశాను.

"స్పృహ ఉన్నంతకాలం నమాజు మాఫీ కాదు బాబూ. కూర్చుని కుదరకపోతే పడుకుని, తల వంచి సైగతో చదువు" అన్నారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు: "ఒక నమాజు వేళ మొదలైనప్పటినుంచి అయిపోయేదాకా, వజూ చేసి ఫర్జు చదువుకునేంత తెరిపి కూడా ఇవ్వడం లేదా అది?" వజూ అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే శుద్ధి, ఫర్జు అంటే నమాజులో తప్పనిసరి భాగం. ఇవ్వడం లేదన్నాను. నవ్వొచ్చింది. అదే రోజు పొద్దున డ్యూటీ డాక్టరు కూడా ఎన్నిసార్లు వస్తోంది, ఎంత వస్తోంది అని లెక్క రాసుకుని వెళ్లాడు.

"అయితే నువ్వు మాజూర్‌వి, అంటే మినహాయింపు ఉన్నవాడివి. ప్రతి వేళకీ కొత్తగా వజూ చేసుకో. ఆ వేళ ముగిసేదాకా సంచిలోకి ఎంత వచ్చినా ఆ కారణంగా వజూ పోదు. ముందు సంచి ఖాళీ చేసుకో, చాలు." ఇంతే. ఫోన్ పెట్టేశాక దుప్పటి మొహం మీదికి లాక్కుని చాలాసేపు ఏడ్చాను.

చేతికి సెలైన్ సూది, కడుపుకు కుట్లు, నీళ్లు తగలకూడదు. అందుకని మొదట్లో తయమ్ముమే, అంటే నీళ్లకు బదులు మట్టితో చేసుకునే శుద్ధి. అమ్మ కొత్త కుండ పెంకు ఒకటి జేబురుమాల్లో చుట్టి తెచ్చింది. దానిమీద రెండుసార్లు చేతులు కొట్టాలి. ఒకసారి ముఖానికి, ఒకసారి మోచేతులదాకా. పక్క మంచం తమిళ భాయ్‌ది షాఫయీ మజ్‌హబ్, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయం. వాళ్లకి చేతికి దుమ్ము అంటుకునే మట్టే ఉండాలట. ఆయన తలగడ పక్కన చిన్న డబ్బాలో పొడిమట్టి. మాది హనఫీ, పెంకు చాలు. ఈ మట్టి డబ్బా, పెంకు చూసి నర్సమ్మ రోజూ విసుక్కునేది. ఆవిడ తప్పేం లేదు, అది సర్జరీ వార్డు.

ఇంటికొచ్చాక అసలు కష్టం. సంచి అంచు ఊడితే చర్మం మంట. ఒంట్లో నీరు, ఉప్పు ఇట్టే పోయేవి, ఓఆర్ఎస్ తాగుతూనే ఉండాలి. నమాజులో నుదురు ఆనించే సజ్దాకి వంగితే పేగు బుడబుడమని అరిచేది. మా చిన్నది కిసుక్కున నవ్వేది. ఇంకొకటి తెలిసింది: మాజూర్ వెనక మామూలువాళ్లు నమాజు చదవకూడదు. ఇంట్లో ఎప్పుడూ నేనే ముందు నిలబడేవాణ్ని. ఆ రంజాన్‌లో మా పదహారేళ్లవాడు ముందు నిలబడ్డాడు, వాడి వెనక కుర్చీలో నేను. వాడి గొంతు వణికింది.

2024 మార్చి 12న రంజాన్ మొదలైంది. డాక్టరు ఉపవాసాలు వద్దంటే వద్దన్నాడు. అమ్మ తొందరపడి ముప్పై రోజులకూ ఫిద్యా, అంటే ఉపవాసానికి బదులు ఇచ్చే పరిహారం, ఇచ్చేసింది. అది కోలుకునే ఆశ లేనివాళ్లకనీ, ఇచ్చింది దానంగా పోతుందనీ, నేను బాగయ్యాక తప్పినవాటికి బదులు ఖజా ఉపవాసాలు ఉండాల్సిందేననీ హజ్రత్ చెప్పారు.

ఏటా రంజాన్ ఒకటో తేదీన జకాత్, అంటే ఉన్నవాళ్లు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం, లెక్క వేస్తాను. కొట్లో సరుకు, చేతిలో డబ్బు కలిపి, అప్పులు తీసేసి, మిగిలింది 612.36 గ్రాముల వెండి విలువ దాటితే రెండున్నర శాతం. ఆ ఏడు సరుకు సగం బురదపాలు, ఆసుపత్రికి చేసిన అప్పు మూడు లక్షలు. లెక్క సున్నా కిందికి పోయింది. "ఈసారి నువ్వు ఇచ్చేవాడివి కాదు, తీసుకునే అర్హత ఉన్నవాడివి" అన్నారు హజ్రత్. ఖురాన్ తొమ్మిదో సూరా అరవయ్యో ఆయత్‌లో చెప్పిన ఎనిమిది రకాల్లో అప్పుల్లో మునిగినవాళ్లూ ఉన్నారు. ఎన్నోసార్లు విన్నదే. అందులో నేనుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆవిడ దగ్గర పది సవర్ల బంగారం. కొంత డబ్బు కూడా ఉంది కాబట్టి ఆమెకు జకాత్ పడింది, పన్నెండు వేల పైన. నా అప్పుకూ ఆమె నగకూ సంబంధం లేదు. "ఆయనే అప్పుల్లో ఉన్నారు కదా హజ్రత్, ఆయనకే ఇస్తే?" అని అడిగింది. మన హనఫీ మజ్‌హబ్‌కి మూలమైన ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకోలేదనీ, ఆయన శిష్యులిద్దరూ ఒప్పుకున్నారనీ, మనం ఇమామ్ మాట మీదే నడుస్తామనీ చెప్పారు. వితంతువైన వాళ్ల అక్కకి ఇచ్చింది.

పండక్కి నాలుగు రోజుల ముందు బావ విజయవాడ నుంచి వచ్చాడు. వెళ్లేటప్పుడు నా తలగడ కింద కవరు పెట్టాడు. అరవై వేలు. "అప్పుగా రాసుకుంటా బావా" అన్నాను. "అప్పేంటి? మీ అక్క పంపిన ఈదీ" అని చెప్పులేసుకున్నాడు. ఈదీ అంటే పండక్కి పిల్లల చేతిలో పెట్టే డబ్బు. నలభై మూడేళ్లవాడికి అరవై వేల ఈదీ! తోబుట్టువుకి జకాత్ ఇవ్వొచ్చు, అది జకాత్ అని చెప్పక్కర్లేదు, మనసులో నియ్యత్, అంటే సంకల్పం, ఉంటే చాలు. ఇది నాకూ తెలుసు. అక్కని అడగలేదు.

ఏప్రిల్ చివర్లో పేగు లోపల కలిపారు. రోజూ డాక్టర్ల రౌండ్లో ఒకటే ప్రశ్న: "గ్యాస్ పోయిందా?" నాలుగోరోజు పోయింది, వార్డంతా సంబరం. వజూ పోగొట్టే సంగతికి అల్‌హమ్‌దులిల్లా అనడం అదే మొదటిసారి. జూన్‌లో ట్రిప్లికేన్ పెద్ద మసీదుకు వెళ్లి, కొలను గట్టున కూర్చుని తీరిగ్గా వజూ చేసుకున్నాను. ముప్పై ఖజా ఉపవాసాలూ చలికాలం చిన్న పగళ్లలో తీర్చుకున్నాను.

2025 మార్చి 2, ఆ ఏడు రంజాన్ ఒకటో తేదీ. మళ్లీ లెక్క పుస్తకం తీశాను. సరుకు, డబ్బు రాసి, అప్పుల వరుసలో మిగిలినవాళ్ల పేర్లు రాస్తూ "అక్క, 60,000" అని రాసేశాను. కాసేపు చూసి, అది కొట్టేసి, మళ్లీ మొత్తం కూడుకున్నాను.