రాయడం ఒక ఎత్తు, డబ్బు రాబట్టడం ఒక ఎత్తు

రాసిన ఒక వ్యాసానికి రావాల్సిన నా డబ్బు నిన్న సాయంత్రం ఎట్టకేలకు ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

పిల్లల్ని చూసుకుంటూ ఇంటి నుంచి ఫ్రీలాన్స్‌గా రాద్దామనుకునేవాళ్లంతా ముందు అడిగేది "పని ఎలా దొరుకుతుంది?" అని. దొరుకుతుందండీ. నాకు బాగా తెలిసిన విషయాల మీద నమూనాగా కొన్ని వ్యాసాలు రాసి పెట్టుకున్నాను, ఎడిటర్లకి మెయిళ్లు పెట్టాను. చాలామంది పలకలేదు, కొందరు పలికారు. ఆ ఘట్టం గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు. ఒక్క మాట మాత్రం: "ముందు ఒక వ్యాసం ఫ్రీగా రాసి పంపండి, చూస్తాం" అనేవాళ్ల దగ్గర ఆగకండి. చూడాలనుకుంటే మీ నమూనాలు ఉన్నాయిగా.

టైమ్ విషయం. "పాప పడుకున్నప్పుడు రాసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్లు ఎన్నడూ పిల్లల్ని పడుకోబెట్టి ఉండరు. డెడ్‌లైన్ ఉన్న రోజే ఆ నిద్ర ఎగిరిపోతుంది. అందుకని దొరికిన ఆ కాస్త నిద్రనీ చిల్లర పనులకి పాడుచేయకుండా, బుర్ర పెట్టాల్సిన పని పాప నిద్రపోయే వేళకి, మెయిళ్లూ ఇన్‌వాయిస్‌లూ (డబ్బు కోసం పంపే బిల్లులు) పాప మెలకువగా ఆడుకునే వేళకి అని పంచుకున్నాను. ఇంటర్వ్యూలు ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉన్నప్పుడే. ఎడిటర్ ఏ తేదీ చెప్పినా దానికి రెండు రోజులు కలిపి అడుగుతాను. పిల్లల జ్వరాలు చెప్పి రావు.

ఇక అసలు సంగతి. ఒక సంస్థ వెబ్‌సైట్‌కి పెద్ద వ్యాసం రాశాను. ఎడిటర్‌కి నచ్చింది, చిన్న చిన్న మార్పులు అడిగింది, చేశాను, పేరుతో సహా వచ్చింది. ఇన్‌వాయిస్ పంపాను. ఒప్పందంలో 30 రోజుల్లో చెల్లిస్తామని ఉంది. గడువు దాటాక అడిగితే తేలిందేమిటంటే, ఆ 30 రోజులూ నేను ఇన్‌వాయిస్ పంపిన రోజు నుంచి కాదట, వాళ్లు దాన్ని ఆమోదించిన రోజు నుంచట. మరి ఆమోదించారా? లేదు. ఎందుకని? పర్చేజ్ ఆర్డర్ నంబర్ (ఈ పని మేం కొంటున్నామని సంస్థ తన లెక్కల్లో వేసుకునే నంబర్) లేదు. అది ఎవరివ్వాలి? అకౌంట్స్‌వాళ్లు ఇస్తారంది ఎడిటర్. ఎడిటర్ తీయించాలన్నారు అకౌంట్స్‌వాళ్లు.

ఆ నంబర్ పుట్టాక ఒక ఫారం వచ్చింది. సంస్థ పేరు, ఆఫీసు చిరునామా, హోదా, ఉద్యోగుల సంఖ్య. సంస్థ నేనే, ఆఫీసు మా డైనింగ్ టేబుల్. ఉద్యోగుల సంఖ్య దగ్గర సున్నా పెడితే ఎర్ర గీత, ఖాళీగా వదిలేసినా ఎర్ర గీత. 1 అని పెడితే ఒప్పుకుంది.

ఆ తర్వాత మళ్లీ మౌనం. చివరికి ఫోన్ చేశాను. అకౌంట్స్‌లో ఒకాయన తీశాడు. నేను గొంతు సవరించుకుని, ఇన్‌వాయిస్ నంబర్, తేదీ, ఒప్పందంలోని షరతు, వరసగా చెప్పుకొస్తున్నాను. సరిగ్గా అప్పుడే బాత్రూమ్‌లోంచి పాప ఇల్లు ఎగిరిపోయేలా కేకేసింది: "అమ్మా! అయిపోయిందీ!" ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టేలోపే ఇంకోసారి, ఈసారి వివరాలతో సహా. ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఎవరికైనా నవ్వొస్తుంది, నాకూ వచ్చేదే. ఆ తర్వాత అన్న మాటే ఒళ్లు మండించింది. "ముందు పాప పని చూసుకోండి మేడమ్. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు రాసిందేగా, దీనికంత తొందరేముంది?"

ఖాళీగా! ఏమీ అనలేకపోయాను. "సరేనండీ" అని పెట్టేశాను. పాపను కడుగుతూ, ఆయనకి చెప్పాల్సిన జవాబులన్నీ గోడకి చెప్పాను. ఆయన జీతం ఒకటో తారీఖు దాటితే ఇలాగే అంటాడా? ఇంట్లో కూర్చుని చేసిన పనికి ఇచ్చే డబ్బు వీళ్ల దృష్టిలో చేతి ఖర్చు. ఎప్పుడిచ్చినా పరవాలేదు, ఇవ్వడమే గొప్ప.

ఆ రాత్రి ఎడిటర్‌కీ, అకౌంట్స్‌కీ, వాళ్లిద్దరి పైవాళ్లకీ కలిపి ఒకే మెయిల్ పెట్టాను. నా ఒప్పందంలో ఒక వాక్యం ఉంది, నేనే పట్టుబట్టి పెట్టించుకున్నది: పూర్తి డబ్బు చేరాకే ప్రచురణ హక్కు వాళ్లకి వెళుతుంది. అది ఎత్తి రాసి, ఈ శుక్రవారంలోగా చెల్లించండి, లేదా వ్యాసం తీసెయ్యండి అన్నాను. ఆ వాక్యానికున్న బలం చాలామందికి తెలియదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందం అమలయ్యే దేశాల్లో రాసినదాని మీద కాపీరైట్ దానంతట అదే వస్తుంది, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. మనం ఉద్యోగులం కాము కాబట్టి, మామూలుగా ఒప్పందంలో వాళ్లకి రాసిచ్చేదాకా ఆ హక్కు మనదే. న్యూయార్క్ నగరంలోనైతే 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసం చట్టమే ఉంది: 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, చెల్లింపు తేదీ అందులో లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోగా డబ్బివ్వాలి. అలాంటి చట్టం లేనిచోట ఆ ఒప్పందం కాగితమే దిక్కు. "30 రోజులు" అని ఉంటే, ఏ రోజు నుంచో రాయించుకోండి. "ప్రచురణ తర్వాత చెల్లిస్తాం" అని ఉంటే కొట్టేసి "ఎడిటర్ వ్యాసాన్ని ఆమోదించిన తర్వాత" అని రాయండి, వాళ్లు ఎప్పటికీ ప్రచురించకపోవచ్చు.

కొత్తవాళ్లు ఫైవర్‌ని (ఫ్రీలాన్స్ పనులు అమ్ముకునే వెబ్‌సైట్), నూటికి 20 కమిషన్ పోతుందని తిడుతుంటారు. తిట్టండి. కానీ అక్కడ కొనేవాడు ముందే డబ్బు కట్టాలి. ఆ అకౌంట్స్ ఆయనతో మాట్లాడాక ఆ 20 నాకు పెద్దగా కనిపించడం లేదు.

శుక్రవారం దాకా కూడా రానివ్వకుండానే నిన్న డబ్బు వేశారు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు. ఈ ఉదయం అదే ఎడిటర్ ఇంకో వ్యాసం కావాలంది. సగం ముందుగా పంపితే మొదలుపెడతానన్నాను. అకౌంట్స్‌తో మాట్లాడి చెప్తానంది. ఇంకా మాట్లాడుతున్నట్టున్నారు.