తూర్పు వాలు వదిలేసి వేరే దారి పట్టిన వైనం

మంచు కొండల్లో స్కీ టూరింగ్‌కి, అంటే స్కీలు వేసుకుని కొండెక్కి దిగడానికి, బయల్దేరే ముందు చాలామంది అడిగేది "ఎంత మంచు పడింది?" అని. నేను మాత్రం గాలి ఎటునుంచి, ఎంత జోరుగా వీచిందో చూస్తాను. ఆకాశం నుంచి పడే మంచు కంటే గాలి మోసుకొచ్చే మంచు పది రెట్లు వేగంగా కూడా పేరుకోగలదు. కొత్తగా మంచు పడకపోయినా రాత్రికి రాత్రే వాలు ప్రమాదకరంగా మారుతుంది.

ఈసారి జరిగింది అదే. మంచు చరియల ముప్పును అంచనా వేసే బులెటిన్‌లో ప్రమాద స్థాయి 5కి 3. పడమటి గాలి మంచును మోసుకెళ్లి చాటున ఉన్న తూర్పు వాలుల్లో పోస్తుంది కాబట్టి అక్కడ జాగ్రత్త అని రాశారు. మా దారి తూర్పు వాలు మీదుగానే. అందుకే ఇంకో దారి కూడా మ్యాప్‌లో గీసుకున్నాం. వాలు ఎక్కడా 25 డిగ్రీలు దాటకూడదు, పైన కూడా నిటారు వాలు ఉండకూడదు. ఈ రెండోది చాలామందికి తట్టదు. మనం నడిచే చోటు చదునుగా ఉన్నా, పైన తెగిన మంచు మన మీదికే వస్తుంది.

చెట్లు దాటగానే ఆనవాళ్లు కనిపించాయి. గాలి తగిలే వైపు మంచు గట్టిపడి, గీతలు గీతలుగా కోసుకుపోయింది. చాటు వైపు నున్నగా ఉబ్బి ఉంది, రిడ్జ్ (కొండ వెన్ను) అంచున కార్నిస్, అంటే గాలికి పేరుకున్న మంచు, ఇంటి చూరులా బయటికి వేలాడుతోంది. నడుమెత్తు కూడా లేని చిన్న గట్టు చూసుకుని స్కీతో గట్టిగా తొక్కాను. లోపల బోలుగా ధబ్బుమంది, స్కీ ముందు నుంచి పగులు పాకింది. తడిమి చూస్తే పైన జానెడు మందాన గట్టి పలక, కింద ముద్దకట్టకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోయే పలుకుల మంచు. అంటే పై పలకకు కింద పట్టు లేదు.

గొయ్యి తవ్వి మంచు పొరలు ఎంత గట్టిగా నిలుస్తాయో పరీక్ష చేద్దామా అని మాలో ఒకమ్మాయి అడిగింది. నేను లోయ అవతల తూర్పు ముఖంగా ఉన్న వాలు చూపించాను. రిడ్జ్ కింద పలక అడ్డంగా తెగి, మంచు చరియ అడుగు దాకా దిగింది. పైన మనుషులు వెళ్లిన జాడలేవీ లేవు. తెగిన అంచు ఇంకా పదునుగానే ఉంది, అంత గాలిలోనూ పూడలేదంటే తెగి ఎంతోసేపు కాలేదు. మనిషి బరువు పడకుండానే తెగిన వాలు కళ్లెదుట ఉండగా, గోతిలో ఎంత మంచి ఫలితం వచ్చినా నేను నమ్మను. తనూ సరేనంది.

రెండో దారిలో చెట్ల మధ్యగా తిరిగొచ్చాం. తెగిన అంచు ఫొటో, వాలు దిక్కు, ఎత్తు, చూసిన సమయం బులెటిన్ ఇచ్చే కేంద్రానికి పంపాం. మర్నాటి అంచనా వేసేవాళ్లకు ఇలాంటి సమాచారం చాలా అవసరం.