హోల్మ్ ఫెన్ ఇనుప స్తంభం

తూర్పు ఇంగ్లండ్‌లోని హోల్మ్ ఫెన్ అనే చిత్తడి ప్రాంతంలో బర్చ్ చెట్ల నడుమ ఒక ఇనుప స్తంభం ఉంది. 1851 ప్రాంతంలో పాతినప్పుడు దాని పైకొన సరిగ్గా నేలమట్టానికి ఉండేది. ఇప్పుడు అదే కొన దాదాపు 4 మీటర్ల ఎత్తున, రెండు నిలువుల పైన కనిపిస్తుంది. స్తంభం అడుగు బంకమట్టిలో గట్టిగా దిగి ఉంది కనుక అది కదలలేదు, చుట్టూ ఉన్న పీట్ నేల కుంగిపోయింది.

నీరు నిలిచి గాలి అందని చోట రెల్లు, తుంగ, నాచు పూర్తిగా కుళ్లకుండా పొరలుగా పేరుకుంటే పీట్ ఏర్పడుతుంది. ఆ పెరుగుదల ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. ఏ కాలపు పుప్పొడి ఆ కాలపు పొరలోనే చిక్కుకుంటుంది కాబట్టి, ఆ రేణువులను లెక్కగట్టి పూర్వపు అడవుల చరిత్ర చెప్పవచ్చని 1916లో స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ ఫొన్ పోస్ట్ చూపించాడు. ఫెన్ పొరల నడుమ ఒకప్పుడు సముద్రం ముందుకొచ్చి పరిచిన బంకమట్టి ఉంది. వేల ఏళ్ల కిందట నీరు పెరిగి కూలిన ఓక్ చెట్లు నల్లని దుంగలై నేటికీ నాగళ్లకు తగులుతుంటాయి.

ఈ చిత్తడిని సాగునేలగా మార్చడానికి 17వ శతాబ్దంలో డచ్ ఇంజినీరు వెర్ముయిడెన్ కాలువలు తవ్వించినా, ఆ తర్వాత గాలిమరలు నీళ్లు తోడినా, హోల్మ్ ఫెన్ పక్కనే విట్ల్‌సీ మీర్ అనే పెద్ద సరస్సు మిగిలింది. 1851లో ఆవిరితో నడిచే ఆపోల్డ్ పంపు దాన్నీ ఎండగట్టింది. ఆ పనుల కాలంలోనే సరస్సు అడుగున ఒక వెండి ధూపపాత్ర, పడవ ఆకారంలో సాంబ్రాణి గిన్నె దొరికాయి. గిన్నె రెండు కొసలా పొట్టేలు తలలు ఉన్నాయి; పొట్టేలును ఇంగ్లీషులో ‘ర్యామ్’ అంటారు కనుక, ఆ పేరును స్ఫురింపజేసే రామ్సే మఠానివని భావిస్తారు. నీటి అడుగున శతాబ్దాలపాటు భద్రంగా ఉన్న ఆ వెండిని మ్యూజియం కాపాడుతోంది, దాన్ని దాచిన నేలను మాత్రం ఎవరూ కాపాడలేదన్నదే నా బాధ.

నీరు తీసేసిన పీట్ మొదట కుదించుకుపోతుంది. తర్వాత గాలి చొరబడి, సూక్ష్మజీవులు వేల ఏళ్లుగా నిలిచి ఉన్న పదార్థాన్ని తినేయగా, అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. పైపొర దుమ్మై ఎగిరిపోతుంది. నేల కుంగితే మళ్లీ నీరు ఊరుతుంది, సాగు కోసం కాలువలు ఇంకా లోతు చేస్తారు, దానితో నేల ఇంకా కుంగుతుంది.

2001లో మొదలైన గ్రేట్ ఫెన్ పథకం హోల్మ్ ఫెన్‌ను, వుడ్‌వాల్టన్ ఫెన్‌ను కలుపుతూ దాదాపు 3,700 హెక్టార్లలో చిత్తడిని పునరుద్ధరించే ప్రయత్నం. పోయిన మందం మన తరాల లెక్కలో తిరిగి రాదు. అయినా నీటిమట్టం పెంచితే, స్తంభం కింద మిగిలి ఉన్న పొరలకు గాలి సోకకుండా ఉంటుంది.