హార్మండ్స్‌వర్త్ ధాన్యపు కొట్టు

లండన్ హీత్రూ విమానాశ్రయానికి ఉత్తరాన, రన్‌వేకు కూతవేటు దూరంలో హార్మండ్స్‌వర్త్ అనే ఊరు ఉంది. ఆ ఊళ్ళో 1426–27లో కట్టిన కలప ధాన్యపు కొట్టు ఇప్పటికీ నిలిచి ఉంది. దాని పొడవు 192 అడుగులు, వెడల్పు 39 అడుగులు, ఎత్తు సుమారు 36 అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే పన్నెండు అంకణాల (దూలానికీ దూలానికీ నడుమ చోట్ల) కట్టడం; ఒక్కో అంకణం పదహారు అడుగులు.

ఒక్క ఊరి ధాన్యానికి ఇంత పెద్ద కొట్టు దేనికన్న సందేహం మనవాళ్ళకు సహజంగానే వస్తుంది. మన వైపు వరి కోతల తరువాత పొడి వాతావరణం ఉంటుంది కనుక, కుప్ప ఆరుబయట వేసి, కళ్ళంలో నూర్చి, గింజను మాత్రమే గాదెకు చేర్చేవారు. ఇంగ్లండ్‌లో కోతలు ముగిసేసరికి వానలు, వెనువెంటనే చలి. అందువల్ల గోధుమ, బార్లీ పనలను గడ్డితో సహా కప్పు కిందికి చేర్చి, చలికాలం పొడుగునా కొంచెం కొంచెంగా కర్రలతో కొట్టి నూర్చుకొనేవారు. అంటే ఈ కొట్టు గాదె, కుప్ప, కళ్ళం మూడూ కలిసినది. పనల బండి నేరుగా లోపలికి వచ్చేటంత వాకిళ్ళు మూడు పెట్టడానికి కారణం కూడా అదే.

ముప్పై తొమ్మిది అడుగుల వెడల్పును ఒకే దూలంతో దాటించడం కష్టం. అందుకని వడ్రంగులు లోపల రెండు వరుసల స్తంభాలు నిలిపి, మధ్యన ఎత్తైన సావడిని, ఇరువైపులా పంచలను ఏర్పరచారు. స్తంభాలు నేలలో పాతినవి కావు. చెమ్మ ఎక్కి మొదలు కుళ్ళకుండా రాతి దిమ్మెల మీద నిలిపినవి. ఓక్ కలప ఎండితే ఉలికి లొంగదు కనుక, ఆ కాలపు వడ్రంగులు దానిని పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఒక దుంగ కొసను సన్నగా చెక్కి, ఎదుటి దుంగలో తొలిచిన బెజ్జంలోకి దింపి, రెండింటినీ కలిపి అడ్డంగా కొయ్యచీల కొట్టేవారు. కలప ఎండి ముడుచుకొనే కొద్దీ కీలు మరింత బిగుసుకొనేది. నాకు అన్నిటికన్నా నచ్చినది స్తంభం తల. చెట్టు మొదలు లావుగా ఉంటుంది కనుక, మానును తలకిందులు చేసి, ఆ లావు భాగం పైకి వచ్చేటట్టు నిలిపేవారు. కొట్టు పొడుగునా సాగే దూలం, అడ్డ దూలం, స్తంభం మూడూ వచ్చి కలిసే చోట కీళ్ళు తొలవడానికి చాలినంత కలప అలా దొరికేది.

చట్రాలను ముందు నేల మీద పరచి అమర్చి చూసి, ఏ ముక్క దేనికి చెందుతుందో రోమన్ అంకెల వంటి గీతలతో గుర్తు పెట్టుకొని, విప్పి, తిరిగి నిలబెట్టడం ఆ కాలపు పద్ధతి. ఈ విద్య అప్పటికే పాతది. ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్ వద్ద టెంప్లర్లనే క్రైస్తవ సన్యాసి యోధుల సంఘం కట్టించిన బార్లీ కొట్టు పదమూడో శతాబ్దపుది.

దీనిని చర్చికి కట్టే దశమభాగపు ధాన్యం దాచిన కొట్టు అని కొందరు అంటారు గాని, అది సరి కాదు. ఈ ఊరి ఎస్టేటు 1391లో వించెస్టర్ కాలేజీ చేతికి వచ్చింది. సొంత సేద్యపు పంట నిలవచేయడానికి ఆ విద్యాసంస్థే దీనిని కట్టించింది. కవి జాన్ బెట్జమన్ దీనిని మిడిల్‌సెక్స్ కథీడ్రల్, అంటే ఈ ప్రాంతపు పాత జిల్లా మిడిల్‌సెక్స్‌కు మహా చర్చి, అన్నాడని ప్రసిద్ధి. లోపల నిలబడి పైకి చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. అయినా నాకు ఆ పోలికతో కొంత పేచీ ఉంది: ఇక్కడ జరిగినది ప్రార్థన కాదు, దుమ్ములో నూర్పిడి, ఆ గింజలో అధిక భాగం కొట్టినవాడిది కాదు, భూమి ఆసామిది.

గత శతాబ్దం డెబ్బైల దాకా ఇది వ్యవసాయానికి ఉపయోగపడుతూనే ఉంది. తరువాత చేతులు మారి, ఆలనాపాలనా లేక పాడవుతుంటే, చారిత్రక కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కేవలం 20 వేల పౌండ్లకు కొని మరమ్మతు చేయించింది. ఆరు వందల ఏళ్ళ నాటి కలపలో ఎక్కువ భాగం నేటికీ అసలుదే. హీత్రూ మూడో రన్‌వే ప్రతిపాదన మాత్రం ఈ ఊరిని ఏళ్ళ తరబడి వెంటాడుతూనే ఉంది. వేసవి నెలల్లో కొన్ని ఆదివారాలు కొట్టును ఉచితంగా తెరిచి ఉంచుతారు. వెళ్ళేవారు టార్చి పట్టుకువెళ్తే కప్పు కింది చీకట్లో కీళ్ళు, కొయ్యచీలలు స్పష్టంగా చూడవచ్చు.