మెల్కీసెదెకు: వంశావళి లేని యాజకుడు

ఆదికాండము 14వ అధ్యాయంలో మెల్కీసెదెకుకు దక్కినవి మూడే వచనాలు, 18 నుంచి 20 వరకు. తర్వాత 110వ కీర్తనలో ఒక్క వచనం: ‘మెల్కీసెదెకు క్రమము చొప్పున నీవు నిరంతరము యాజకుడవై యుందువు’ అని దేవుడు చేసిన ప్రమాణం. పాత నిబంధనలో ఇంకెక్కడా ఆ పేరు వినపడదు. యేసే నిత్య ప్రధానయాజకుడని చూపడానికి హెబ్రీ పత్రిక రచయిత ఈ నాలుగు వచనాల మీదే 7వ అధ్యాయమంతా నిలబెట్టాడు. పాత నిబంధన వ్యక్తుల్లో క్రీస్తు ఛాయను ఎలా వెదకాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఏలాము రాజు కెదొర్లాయోమెరు, అతనితో ఉన్న ముగ్గురు రాజులు సొదొమను దోచుకుని, అబ్రాము (తర్వాత అబ్రాహాము) సోదరుని కొడుకైన లోతును చెరపట్టుకుపోయారు. అబ్రాము తన ఇంట పుట్టిన 318 మందితో దాను వరకు తరిమి, దమస్కు దాటి హోబా దాకా వెంటాడి అందరినీ విడిపించాడు. తిరిగొస్తుంటే షావే లోయలో ఇద్దరు రాజులు ఎదురయ్యారు. షాలేము రాజు మెల్కీసెదెకు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి ఆశీర్వదించాడు. అతనికి అబ్రాము పదియవ వంతు ఇచ్చాడు. సొదొమ రాజు ఆస్తంతా తీసుకోమన్నా, నూలుపోగైనా చెప్పుల వారైనా నాకొద్దన్నాడు.

హెబ్రీ రచయిత ముందు పేరు విప్పుతాడు. మెల్కీసెదెకు అంటే నీతికి రాజు, షాలేము రాజు అంటే సమాధానపు రాజు. అక్కడ ఎక్కువసేపు ఆగడు. అతని అసలు దృష్టి ఆదికాండము చెప్పకుండా వదిలేసిన మాటల మీద ఉంది. ఆదికాండము వంశావళుల పుస్తకం. 5వ అధ్యాయం తెరిస్తే ఎవరు ఎన్నేళ్లు బ్రతికారు, ఎవరిని కన్నారు, ఎప్పుడు మృతిపొందారు అన్న లెక్కే వరసగా సాగుతుంది. అలాంటి పుస్తకంలో అబ్రాహామునే ఆశీర్వదించిన ఒక గొప్పవాడికి తండ్రి పేరు లేదు, పుట్టుక లేదు, చావు లేదు. ‘తండ్రిలేనివాడును తల్లిలేనివాడును వంశావళి లేనివాడును’ అన్న మాటకు అర్థం అతను తల్లి కడుపున పుట్టలేదని కాదు. లేఖనం ఆ సంగతి పలకలేదని.

యూదుల చెవికి ఈ మాట ఎంత వింతగా తగిలి ఉంటుందో ఎజ్రా 2:61-63 చదివితే తెలుస్తుంది. బబులోను చెరనుంచి తిరిగొచ్చిన యాజకుల్లో హబాయ్యా, హక్కోజు, బర్జిల్లయి వంశాలవారు వంశావళి పట్టీల్లో తమ పేర్లు వెదికారు. దొరకలేదు. వెంటనే వారిని అపవిత్రులని ఎంచి యాజకత్వం నుంచి తప్పించారు, అతిపరిశుద్ధమైన వాటిని తిననివ్వలేదు. పట్టీలో పేరు లేకపోతే యాజకత్వమే పోయే జనానికి, పట్టీయే లేని యాజకుడు వారి మొదటి ప్రధానయాజకుడైన అహరోనుకంటే గొప్పవాడని చెప్పాలి. చిన్న పని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. యాజకులు లేవి గోత్రంలోని అహరోను సంతతివారే; యేసు యూదా గోత్రికుడు, ఆ గోత్రానికి బలిపీఠంతో పని లేదు. యూదా రాజైన ఉజ్జియా మందిరంలోకి వెళ్లి ధూపం వేయబోతే అజర్యాతో కలిసి ఎనభై మంది యాజకులు అడ్డుకున్నారు. ధూపార్తి చేతిలో ఉండగానే అతని నుదుట కుష్ఠు పుట్టింది. సింహాసనం, ధూపపీఠం ఒకే మనిషివి కావడం ధర్మశాస్త్రం కింద కుదరని పని. అందుకే రచయిత ధర్మశాస్త్రానికి ముందున్నవాడి దగ్గరికి వెళ్లాడు: రాజూ అతనే, యాజకుడూ అతనే.

మరణం సంగతి సరేసరి. హోరు కొండమీద మరణించబోతున్న అహరోను వస్త్రాలు తీసి అతని కొడుకు ఎలియాజరుకు తొడిగించిన రోజు మొదలు, ఆ వస్త్రాలు ఒంటి నుంచి ఒంటికి మారుతూనే వచ్చాయి. అహరోను నుంచి రోమీయుల చేతిలో యెరూషలేము మందిరం నాశనమయ్యే వరకు 83 మంది ప్రధానయాజకులని చరిత్రకారుడు జోసీఫసు లెక్కగట్టాడు. 110వ కీర్తనలోని ‘నిరంతరము’ అనే మాట ఈ లెక్క పక్కన పెట్టి చదవాలి.

ఇక పొరపాట్లు. మెల్కీసెదెకు క్రీస్తేనని, అవతారానికి ముందు అలా కనబడ్డాడని కొందరు బోధిస్తారు. మృతసముద్రం దగ్గరి కుమ్రాను 11వ గుహలో 1956లో దొరికిన చుట్టల్లో ఒకటి కూడా అతన్ని పరలోకపు న్యాయాధిపతిగా చూపుతుంది కనుక ఆ ఊహ కొత్తదేమీ కాదు. కానీ హెబ్రీ 7:3 అన్నది ‘దేవుని కుమారుని పోలియుండి’ అని. మనిషిని తనతోనే పోల్చరు కదా. పైగా పోలిక ఏ దిక్కున నడుస్తుందో చూడండి: కుమారుడు అసలు, మెల్కీసెదెకు నీడ.

రెండోది రొట్టె, ద్రాక్షారసం. ప్రభువు బల్లకు గురుతుగా మూడో శతాబ్దపు కార్తేజు బిషప్పు సిప్రియను నాటికే దీన్ని చదివారు. ఆ ధ్యానం మధురమే. అయితే హెబ్రీ రచయిత వాటిని పొరపాటున కూడా ఎత్తలేదు. అతని వాదమంతా ఆశీర్వాదం మీద, పదియవ వంతు మీద, ప్రమాణం మీద నడిచింది. కాబట్టి దీన్ని ధ్యానంగా చెప్పవచ్చు, సిద్ధాంతానికి పునాదిగా వాడకూడదు.

దశమభాగం ప్రసంగాలకూ ఒక మాట. అబ్రాము ఇచ్చింది కొల్లగొన్న సొమ్ములో పదియవ వంతు, ఒక్కసారి ఇచ్చినట్టే రాసి ఉంది. ఆ వచనం చెప్పేది పుచ్చుకున్నవాడి ఘనత గురించి. ఇచ్చేవారి లెక్కల పుస్తకం గురించి కాదు.

చివరికి, ఒక గురుతు మీద అంతా మోపకూడదు. మెల్కీసెదెకు కథలో రక్తం లేదు, బలి లేదు. అందుకే 9వ అధ్యాయానికి వచ్చేసరికి రచయిత అతన్ని వదిలేసి, తిరిగి అహరోను గుడారంలోకే వెళ్లాడు: సంవత్సరానికి ఒక్కసారి, రక్తం చేతబట్టుకుని, తెర లోపలికి.