పగ్గాలు, చొరవ, పెత్తనం: ఈ ఇంగ్లీషు జాతీయాలు నాకు పట్టుబడిన తీరు

చొరవ గురించి, పగ్గాలు చేపట్టడం గురించి ఇంగ్లీషులో ఉన్న జాతీయాలను మొదట్లో అర్థాల పట్టికలాగే రాసుకున్నాను. టేక్ ద బుల్ బై ద హార్న్స్, బైట్ ద బుల్లెట్, కాల్ ద షాట్స్, స్టెప్ అప్ టు ద ప్లేట్, అన్నిటికీ ఎదురుగా ‘ధైర్యంగా ముందుకు రావడం’ అనే ఉండేది. అలాంటి పట్టికతో చదవడం సాగుతుంది గానీ రాయడం సాగదు. అందుకే ఒక్కో జాతీయానికి మూడు ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టాను. పని అంతకు ముందు ఎవరి చేతిలో ఉంది? మాటలో మెప్పు ఉందా, నింద ఉందా? ఇందులో ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు?

మొదటి ప్రశ్నకే సగం పట్టిక చెదిరిపోయింది. బైట్ ద బుల్లెట్‌లో చొరవే లేదు, తప్పించుకోలేని కష్టాన్ని పంటి బిగువున భరించడం అది. టేక్ ద బుల్ బై ద హార్న్స్ అలా కాదు, సమస్యకు మనమే ఎదురెళ్లాలి. బ్రిటిష్ వాళ్లు దాదాపు ఇదే అర్థంలో గ్రాస్ప్ ద నెట్టిల్ అంటారు. నెట్టిల్ ఒంటికి తగిలితే మండే మొక్క. బెదురుతూ తాకితే మంట, గట్టిగా పట్టేస్తే అంత బాధ ఉండదని ఆ మాట వెనుక ఊహ. కాల్ ద షాట్స్ నేరుగా పెత్తనం, నిర్ణయం ఎవరిదో చెప్పే మాట. ఇక స్టెప్ అప్ టు ద ప్లేట్‌లో ప్లేటు కంచం కాదు. బేస్‌బాల్‌లో బ్యాటర్ వచ్చి నిలబడే చోట నేలలో ఉండే పలక. అవసరం పడ్డప్పుడు బాధ్యత తలకెత్తుకోవడం అన్నమాట.

ఎక్కువ సేపు ఆగింది రెయిన్స్ దగ్గర. మనకు పగ్గాలు చేపట్టడం ఉంది గనక టేక్ ద రెయిన్స్ ఇట్టే అందుతుంది. రెయిన్ ఇన్ అంటే కళ్లెం వేయడం. గివ్ ఫ్రీ రెయిన్ అంటే ఇష్టమొచ్చినట్టు చేయనివ్వడం. అర్థాల్లో ఇబ్బంది లేదు, చిక్కంతా స్పెల్లింగులో. పగ్గం, వాన, రాజ్యపాలన, ఈ మూడింటికీ ఇంగ్లీషులో ఉచ్చారణ ఒకటే. తెలుగులో రాస్తే మూడూ రెయిన్. అధికారం గురించిన మాట గనక చేయి తనంతట తానే రాజ్యపాలన స్పెల్లింగు వైపు పోయి మధ్యలో జి చేరుస్తుంది. ఇంగ్లీషు మాతృభాషైన వాళ్లూ ఈ తప్పు రాస్తారు. ఆర్, ఇ, ఐ, ఎన్, అంతే. గుర్రాన్ని తలుచుకుంటే జి రాదు.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఆఫ్ వన్స్ ఓన్ బ్యాట్ మరీ నచ్చుతుంది. వైడ్లు, బైలు జట్టు ఖాతాలో పడతాయి. బ్యాటుకు తగిలి వచ్చిన పరుగులే బ్యాటర్‌వి. అందుకే ‘ఎవరూ చెప్పకుండా తనంతట తానే’ అనే అర్థం. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికన్ల రైట్ ఆఫ్ ద బ్యాట్ దీనికి చుట్టంలా కనిపిస్తుంది గానీ దాని అర్థం ‘వెంటనే’. రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకున్నాకే నాకు తేడా నిలిచింది.

రెండో ప్రశ్న ఆఫీసు మెయిల్స్‌లో కాపాడుతుంది. టేక్ మ్యాటర్స్ ఇంటూ యువర్ ఓన్ హ్యాండ్స్‌లో చేయాల్సినవాళ్లు చేయలేదన్న ఫిర్యాదు దాగి ఉంటుంది. పై అధికారికి అలా రాస్తే ‘మీరు పట్టించుకోలేదు, నేనే చేసుకున్నాను’ అన్నట్టే. మ్యాటర్స్ తీసి ద లా పెడితే చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నట్టు. మెయిల్‌లో ఆన్ మై ఓన్ ఇనిషియేటివ్, అంటే ‘నా సొంత చొరవతో’, అంటే చాలు, నిందా లేదు, డాంబికమూ లేదు. ఇంట్లో పెత్తనం ఎవరిదో చెప్పే వేర్ ద ట్రౌజర్స్ అర్థం తెలిస్తే చాలు, వాడకపోవడమే మంచిది. పెత్తనం మగవాళ్ల సొత్తన్న పాత భావం అందులో ఉంది.

మూడోది రూపం. షాట్స్ బహువచనం పోతే కాల్ ద షాట్స్ చెడుతుంది. టేక్ ద ఇనిషియేటివ్‌లో ద ఉంటుంది, షో ఇనిషియేటివ్‌లో ఉండదు. బ్రిటన్‌లో ఇన్ ద డ్రైవింగ్ సీట్, అమెరికాలో ఇన్ ద డ్రైవర్స్ సీట్. ఏదో ఒక దేశపు వాడుకకే కట్టుబడాలి.

నిఘంటువులో టేక్ కింద వెతికితే పొద్దుపోతుంది, బుల్ కింద, రెయిన్ కింద వెతకాలి. అర్థం పక్కనే బ్రిటిష్, వ్యావహారికం, నిందార్థం అని ఉండే చిన్న గుర్తుల్ని వదలకూడదు. నేను వారానికి మూడుకు మించి తీసుకోను. ఒక్కోదానికి మూడు వాక్యాలు: జరిగిపోయిన పని మీద ఒకటి, ప్రశ్నగా ఒకటి, ఆ జాతీయం అతకని సందర్భం ఒకటి. మూడోది రాయలేకపోతే అది ఇంకా రాలేదన్నట్టే.

పుల్ యువర్‌సెల్ఫ్ అప్ బై యువర్ బూట్‌స్ట్రాప్స్‌కు ఆ మూడో వాక్యమే ముందు రాశాను. బూటు తొడుక్కోవడానికి వెనక ఉండే పట్టీని లాగి తనను తానే పైకి లేపుకోవడం, అంటే అసాధ్యమైన పనికి 19వ శతాబ్దంలో చెప్పిన మాట. తర్వాత స్వశక్తితో పైకి రావడంగా మారింది. కంప్యూటర్ బూట్ అవడం కూడా దీన్నుంచి వచ్చిందే. నిలదొక్కుకున్న మనిషి గురించి చెబితే మెప్పు. కష్టంలో ఉన్నవాళ్లకు సలహాగా చెబితే ‘నీ తిప్పలు నువ్వు పడు’ అన్నట్టు తగులుతుంది.